ఖాడికి ఒక్క ఒడ్డే

మోటీఖాడి నగర్‌పాలికలో, అంటే మునిసిపాలిటీలో, పనుల శాఖకు అధికారి ఊర్మిళ. సూరత్ నుంచి దక్షిణంగా ఉన్, సచిన్ అనే ఊళ్లు దాటి వెళుతుంటే మహానగరం ఎక్కడ ముగిసిందో, మోటీఖాడి ఎక్కడ మొదలైందో కొత్తవాళ్లకు తెలియదు. అవే మరమగ్గాలు, ఇక్కడి మాటలో సాంచాలు, ఆడే షెడ్లు, అవే డైయింగ్ మిల్లుల పొగగొట్టాలు, అదే తడి రంగుల వాసన. కాకపోతే సూరత్‌కు ఇంజనీర్లు కోకొల్లలు. మోటీఖాడికి ఉన్నది ఊర్మిళ, ఆమె కింద జిగ్నేష్ అనే జూనియర్, ఒక జేసీబీ, రెండు ట్రాక్టర్లు, కొద్దిమంది కూలీలు. రోడ్డు మీద గుంత పడినా, వీధి దీపం ఆరినా, మురుగు పొంగినా, శ్మశానం పైకప్పు రేకు ఎగిరిపోయినా ఫోను ఆమెకే వస్తుంది.

ఆ కుర్చీ కోసం ఆమె ఎవరితోనూ పోటీ పడలేదు. ముందున్నాయన రిటైరయ్యాక ఇంత చిన్న ఊరికి రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. జూనియర్‌గా ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఊర్మిళకు మొదట ఇన్‌చార్జి ఇచ్చారు. తర్వాత దాన్నే ఖాయం చేశారు. ఆ వార్త తెలిసిన రోజు తెలుగు లైన్‌లో ఇంటింటికీ తిరిగి జిలేబీలు పంచినవాడు ఆమె చిన్నాన్న సోమలింగం.

తెలుగు లైన్ ఖాడి ఎడమ ఒడ్డున ఉండేది. ఖాడి అంటే సముద్రపు పోటు వెనక్కి ఎక్కివచ్చే వాగు. సిరిసిల్ల, కరీంనగర్ పల్లెల నుంచి సాంచాలు నడపడానికి వచ్చిన పద్మశాలీలు ఒకరి పక్కన ఒకరు రేకుల ఇళ్లు వేసుకుని, తర్వాత ఇటుక గోడలు కట్టుకుని, ఆ ఒడ్డునే స్థిరపడిపోయారు. ఊర్మిళ పుట్టింది అక్కడే. తల్లి చిన్నప్పుడే పోయింది. ఆమె పదో తరగతిలో ఉండగా తండ్రి ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పిల్లలు లేని సోమలింగం, లింగవ్వ ఆమెను తమ దగ్గర పెట్టుకుని డిప్లొమా దాకా చదివించారు. సోమలింగం సాంచాల మీద నిలబడితే, లింగవ్వ గడప దగ్గర కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆ చప్పుడు మధ్యే ఊర్మిళ డ్రాయింగులు గీసుకుంది. డిగ్రీని ఆ తర్వాత ఉద్యోగం చేస్తూ పూర్తి చేసింది. స్కూల్లో లెక్కలు చెప్పే శ్యాంసుందర్‌ను పెళ్లాడి స్టేషన్ వైపు అద్దె ఇంటికి మారినా, వారంలో ఒక పూట లింగవ్వ చేతి జొన్నరొట్టె తినకుండా ఉండేది కాదు.

తెలుగు లైన్‌కు సరిగ్గా ఎదురుగా, కుడి ఒడ్డున, ఒక డైయింగ్ మిల్లు ఉంది. మిల్లు ప్రహరీ గోడ ఒడ్డు మీద ఆగకుండా ఖాడిలోకి దిగి ఉంటుంది. ఇటు ఇళ్లు, అటు గోడ. వీటి మధ్య ఖాడి గొంతు నొక్కినట్టు సన్నబడిపోతుంది. నిరుడు ఆషాఢంలో పైనుంచి వరద, కింది నుంచి సముద్రపు పోటు ఒకేసారి వచ్చేసరికి నీళ్లు ఎటూ పోలేక ఊరి మీద పడ్డాయి. సాంచాల మోటార్లు కాలిపోయాయి. బజారులో పడవలు తిరిగాయి. జనం డాబాల మీద నుంచి ఊర్మిళను పేరు పెట్టి తిట్టారు.

నీళ్లు దిగిపోయాక ఆమె నెల రోజులు ఖాడి పొడవునా నడిచి, కొలిచి, ఒక ప్లాను తయారు చేసింది. అందులో దాపరికం ఏమీ లేదు. ఎడమ ఒడ్డున ఇళ్లు తీయాలి. కుడి ఒడ్డున మిల్లు గోడ తీయాలి. రెండూ తీస్తే ఖాడి తన వెడల్పు తాను తీసుకుంటుంది. ఒక్కటే తీస్తే లాభం సగం కూడా ఉండదు.

చీఫ్ ఆఫీసర్ హర్షద్‌భాయి దాన్ని చివరి దాకా చదివాడు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి, ఎవరి మీదా గొంతు పెంచడు.

"రెండు వైపులా ఒకేసారి పని మొదలుపెడదాం సార్. అలాగైతేనే నేను తెలుగు లైన్‌కు వెళ్లి మాట్లాడతాను," అంది ఊర్మిళ.

"చేద్దాం ఊర్మిళాబెన్. కౌన్సిల్ రెండింటికీ ఒప్పుకుంది కదా," అన్నాడాయన. "కాకపోతే ఒక్క మాట విను. మనం గోడ జోలికి వెళ్లగానే మిల్లువాళ్లు కోర్టుకు వెళతారు. వెళ్లి ఏమంటారు? అసలు ఆక్రమణ ఎదుటి ఒడ్డున ఉన్న ఇళ్లదే, ముందు వాటిని తీయమనండి అంటారు. ఆ ఇళ్లు అప్పటికే లేకపోతే వాళ్లకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. మీవాళ్లు నీ మాట వింటారు. ఇటువైపు ముందు కానీ."

ఊర్మిళ ఆ మాటను రెండు రోజులు మనసులో తిప్పుకుంది. ఎటునుంచి చూసినా అందులో తప్పు కనిపించలేదు.

మార్చిలో ఒక ఆదివారం పొద్దున ఆమె తెలుగు లైన్‌కు వెళ్లింది. పోచమ్మ గద్దె ముందు జంపఖానాలు పరిచి అందరినీ కూర్చోబెట్టాడు సోమలింగం. ఊర్మిళ ప్లాను విప్పి చూపించింది. ఇళ్లు తీయక తప్పదని, నగర్‌పాలిక మైదానంలో తాత్కాలికంగా షెడ్లు వేయిస్తామని, దీపావళి దాటాక ఆవాస్ పథకంలో ఫ్లాట్లు ఇస్తామని చెప్పింది. తర్వాత గోపాల్ లేచాడు. తెలుగు లైన్‌లోనే పుట్టి పెరిగినవాడు, నలుగురూ వినేలా మాట్లాడగలవాడు.

"అక్కా, నువ్వు చెప్పింది సమజైంది. మా ఇండ్లు అడ్డమే, కాదంటలేం. గని మిల్లు సేఠ్ గోడ ముందుగాల కూలగొట్టు. అది పడ్డనాడు మేం మా ఇండ్లు మేమే ఇప్పుకుంటం."

"గోడకు కూడా తీర్మానం అయింది గోపాల్. వానల్లోపల అది పోతది. మనది ముందు తీస్తే వాళ్లకు కోర్టుల అడ్డం చెప్పేందుకు ఏం ఉండదు."

"గరీబోళ్లయి జల్ది పడుతయ్. పెద్దోళ్లయి తారీఖులు పడుతయ్. నువ్వు చూడలేదా ఏంది?"

మగవాళ్లలో గుసగుసలు లేచాయి. అప్పుడు సోమలింగం తలపాగా తువ్వాలు తీసి భుజాన వేసుకుని ముందుకు వచ్చాడు.

"మీరందరు జర నా మాట ఇనుర్రి. మున్సిపాల్టోళ్లు మనల్ని ఎన్నిసార్లు ఖాళీ చేయమన్నరు? పోలీసులను తెస్తిరి, బుల్డోజర్లు తెస్తిరి, మనం కదిలినమా? కదలలే. గిప్పుడు వచ్చింది మున్సిపాల్టి గాదు. నా బిడ్డ. గీ లైన్ల నీళ్లు తాగి పెరిగిన పిల్ల. మనల్ని ముంచేటందుకు చెప్తదా?"

వెనక నుంచి లింగవ్వ అందుకుంది. "నిరుడు నీళ్లల్ల కండెలు, బియ్యం అన్నీ కొట్టుకపాయె. ఏటేటా గిదే బతుకా? పిల్ల చెప్పినట్టు చేద్దాం తియ్యిర్రి."

వారం గడవక ముందే సోమలింగం నిచ్చెన వేసుకుని తన ఇంటి మొదటి రేకు తానే విప్పాడు. చూసి పక్కింటివాళ్లు విప్పుకున్నారు. పోలీసు రాలేదు, లాఠీ లేవలేదు. గోపాల్ అందరికంటే చివర, ఎవరితోనూ మాట్లాడకుండా తన తలుపు ఊడదీసుకున్నాడు. ఆడవాళ్లు ఇటుకలు ఒక్కొక్కటీ గీకి దొంతర్లు పెట్టారు. మోటీఖాడి చరిత్రలో ఇంత శాంతంగా ఆక్రమణ తొలగింపు జరగలేదని గుజరాతీ పేపర్లో ఫొటో వేశారు. ఆ ఫొటోలో ఊర్మిళ కూడా ఉంది. ఇటుకలు మోస్తూ నవ్వుతోంది.

నగర్‌పాలికకు ఖాళీగా ఉన్న స్థలం ఆ మైదానం ఒక్కటే. అది పల్లమని ఊర్మిళకు తెలుసు. మొరం పోయించి ఎత్తు చేయించింది. షెడ్ల ముందు నీళ్లు నిలవకుండా లోతుగా ఒక కాలువ తవ్వించింది. దాని మీద కప్పడానికి సిమెంటు పలకలకు ఆర్డరు పెట్టింది. పలకలు వచ్చేదాకా కాలువ వెంట వెదురు కర్రలు పాతించి, వాటికి ఎర్ర గుడ్డలు కట్టించింది. రోజూ పొద్దున ఆఫీసుకు వెళ్లేముందు షెడ్ల దగ్గర ఆగి, నీళ్ల ట్యాంకరు వచ్చిందో లేదో చూసుకునేది. రేకుల వేడికి ముఖం కందిపోయినా లింగవ్వ నవ్వుతూనే ఎదురొచ్చేది. "ఒక్క ఎండకాలమే గదా బిడ్డా. ఓర్చుకుంటం," అనేది.

మే నెలలో ఊర్మిళ జేసీబీని మిల్లు గోడ దగ్గరకు తీసుకువెళ్లింది. యంత్రం చెయ్యి పైకి లేచేలోపే మిల్లు మేనేజరు కోర్టు స్టే కాగితంతో బయటికి వచ్చాడు. విచారణ తారీఖు వానాకాలం దాటాక పడింది. ఊర్మిళ నేరుగా హర్షద్‌భాయి గదికి వెళ్లింది.

"మన వకీలు ఏం చేశాడు సార్? వాళ్లు స్టే అడుగుతుంటే ఎదురు చెప్పలేదా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వకీలు ఆ రోజు కోర్టుకు వెళ్లలేదు," అన్నాడు.

"ఎందుకు?"

"వెళ్లొద్దని చెప్పినవాళ్లు నాకంటే పైవాళ్లు. నన్ను ఇంకేమీ అడగకు బెన్."

"నేను వాళ్లకు మాటిచ్చాను సార్. మీరు అన్నారనే ఇచ్చాను."

"నేను అన్నది అబద్ధం కాదు. అప్పుడు నేనూ అలాగే అనుకున్నాను," అన్నాడు హర్షద్‌భాయి. నిజమే చెబుతున్నాడని ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది. ఊర్మిళకు దాంతో కోపం తెచ్చుకునే దారి కూడా లేకపోయింది.

ఆమె మిల్లు యజమాని దగ్గరకు కూడా వెళ్లింది. ఆయన లేచి కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, మర్యాదగా మాట్లాడాడు. ఆ గోడ తన తండ్రి కట్టించిందని, వెనక బాయిలర్లు ఉన్నాయని, దాన్ని కదిపితే వెయ్యి మంది పని పోతుందని చెప్పాడు. "ఎదుటి ఒడ్డు ఖాళీ అయింది కదా బెన్. ఈసారి నీళ్లు హాయిగా పోతాయి చూడండి," అన్నాడు. జిల్లా ఆఫీసుకు వెళితే అక్కడివాళ్లు చీఫ్ ఆఫీసర్ ద్వారా రాయించమన్నారు. చీఫ్ ఆఫీసర్ రాశాడు. జవాబు రాలేదు.

అంతకంటే ఘోరం జూన్ మొదట్లో జరిగింది. ఒకరోజు ఊర్మిళ ఖాడి దగ్గరకు వెళ్లేసరికి, తెలుగు లైన్ ఉన్న చోట లారీలు మట్టి దింపుతున్నాయి. అప్పటికే ఒక పొడవాటి దిబ్బ ఒడ్డు దాటి నీళ్లలోకి జారుతోంది. ఖాళీ అయిన జాగాలో మిల్లులకు లారీలు తిరిగే రోడ్డు వేయాలని కౌన్సిల్ తీర్మానించిందట. మార్చిలో ఇళ్లున్న చోటు కంటే మట్టి ఖాడిలోకి ఎక్కువగా చొచ్చుకువచ్చింది. ఊర్మిళ లారీలకు అడ్డంగా నిలబడి పని ఆపించింది. రోడ్డు ఫైలు తన ముందుకు వస్తే సంతకం పెట్టనంది. మర్నాడు ఆ రోడ్డు బాధ్యత జిగ్నేష్‌కు అప్పగించారు. అతను వచ్చి ఆమె బల్ల ముందు నిలబడి తల దించుకున్నాడు.

"మేడమ్, నాకు ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు," అన్నాడు.

ఊర్మిళ రోడ్డు ఫైలు తీసి అతని చేతికిచ్చింది.

ఆ సాయంత్రం ఆమె షెడ్ల దగ్గరకు వెళ్లి సోమలింగానికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గోడ ఈ ఏడు పడదని, మట్టి కూడా తీయించలేకపోయానని, వాన గట్టిగా పడితే షెడ్లు వదిలి బడి మేడ మీదికి వెళ్లాల్సి ఉంటుందని చెప్పింది.

"గోపాల్‌గాడు గప్పుడే అన్నడు," అన్నాడు సోమలింగం మెల్లగా. వెంటనే ఆమె ముఖం చూసి, "నీ చేతుల లేని పనికి నువ్వేం జేస్తవ్ బిడ్డా. తిన్నవా?" అని అడిగాడు.

లింగవ్వ పళ్లెంలో రొట్టె, పచ్చిపులుసు తెచ్చి పెట్టింది. ఊర్మిళ రొట్టె తుంచింది గానీ నోట్లో పెట్టుకోలేకపోయింది.

జూలైలో ఒకరోజు తెల్లవారుజాము నుంచే వాన పట్టుకుంది. పదింటికి పైఊళ్ల నుంచి వరద వస్తోందని కబురు. డుమస్ దగ్గర సముద్రం పోటు మీద ఉంది. ఖాడి కడుపు ఉబ్బుకుంటూ వెనక్కి ఎక్కడం మొదలుపెట్టింది. ఊర్మిళ రెండు ట్రాక్టర్లనూ షెడ్లకు పంపి, తానూ ఒకదాని మీద వెళ్లింది. మైదానంలో అప్పటికే మోకాలి లోతు నీళ్లు. మట్టి కలిసి చిక్కటి ఎర్రరంగులో తిరుగుతున్నాయి. పిల్లల్ని, ముసలివాళ్లను ముందు ఎక్కించి బడికి చేర్చారు. రెండో విడతలో ఆడవాళ్లను ఎక్కించారు. లింగవ్వ ట్రాక్టరు ఎక్కి కూర్చున్నాక, పక్క షెడ్డులో ఉండే సుమన ఏడుస్తూ కనిపించింది. నెలలు నిండిన మనిషి, చూరు కింద ఇరుక్కున్నట్టు నిలబడి అడుగు వేయడానికి భయపడుతోంది.

"ఆగుర్రి, ఆ పిల్లను తోలుకొస్త," అని లింగవ్వ దిగింది.

ఊర్మిళ అప్పుడు మైదానం అవతలి కొసన, తెగిన కరెంటు తీగ దగ్గరకు ఎవరూ పోకుండా ఆపుతోంది. లింగవ్వ సుమన చెయ్యి పట్టుకుని నడిపించి ట్రాక్టరు ఎక్కించింది. తాను ఎక్కబోతూ, చోటు చాలక, "మీరు పోర్రి, నేను నడుసుకుంట వస్త, గింత దూరమే గదా," అని పక్కకు జరిగింది. ఆమె పక్కకు జరిగిన చోటే కాలువ ఉంది. వెదురు కర్రలు, ఎర్ర గుడ్డలు అప్పటికే కొట్టుకుపోయాయి. పలకలు రాలేదు. నీళ్ల కింద ఏది నేలో ఏది కాలువో ఎవరికీ తెలియదు. లింగవ్వ ఒక్క అడుగు వేసి మాయమైంది.

సుమన పెట్టిన కేక విని గోపాల్ ఈదుకుంటూ వచ్చాడు. మునిగాడు, తేలాడు, మళ్లీ మునిగాడు. ఊర్మిళ కూడా నడుము లోతు నీళ్లలో పరిగెత్తబోయి పడి, లేచి, కాలువ అంచు వెంట చేతులతో తడుముతూ వెళ్లింది. కాలువ వాలు ఎటో, పడిన మనిషిని నీళ్లు ఎటు లాక్కుపోతాయో ఆమెకే బాగా తెలుసు. నీళ్లు పక్క పొలాల వైపు పోయేలా వాలు పెట్టించింది ఆమే. లింగవ్వ అక్కడే, కాలువ చివర తుమ్మచెట్ల దగ్గర దొరికింది. నెత్తిన కొంగు ఇంకా ముడివేసే ఉంది. సోమలింగం ఆమె తలను ఒళ్లో పెట్టుకుని, ముఖం మీది బురదను అరచేత్తో తుడుస్తూ, "లింగూ, ఓ లింగూ," అని పిలుస్తూనే ఉన్నాడు. ఊర్మిళ ఆయన పక్కన కూర్చోబోయింది. ఎవరో ఆడమనిషి ఆమె భుజం పట్టుకుని వెనక్కి జరిపింది. అది ఎవరో ఊర్మిళ తిరిగి చూడలేదు.

వాన ఆగాక దహనం జరిగింది. తెలుగు లైన్ వాళ్లంతా వచ్చారు. ఊర్మిళను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. చిన్నప్పటి నుంచి ఎత్తుకుని తిప్పినవాళ్లు కూడా ఆమెతో హిందీలో మాట్లాడారు. "మేడమ్, ఇధర్ సే నికలియే, రాస్తా చాహియే," అని దారి వదలమన్నాడు పాడె మోసేవాళ్లలో ఒకడు. గోపాల్ ఒక్కడే తెలుగులో మాట్లాడాడు. "అక్కా, కాళ్లకు దెబ్బ తాకినట్టున్నది, చూపించుకో," అని వెళ్లిపోయాడు.

జిల్లా నుంచి ఒక అధికారి విచారణకు వచ్చాడు. గెస్ట్‌హౌస్ గదిలో ఊర్మిళ ఆయన ఎదుట కూర్చుని అన్నీ చెప్పింది. గోడ సంగతి, మట్టి సంగతి, వకీలు సంగతి. చివర తన సంగతి చెప్పింది.

"పలకలు లేకుండా కాలువ తెరిచి ఉంచింది నేను. వాళ్లను అక్కడికి తెచ్చింది నేను. అది కూడా రాయండి."

అధికారి పెన్ను పక్కన పెట్టాడు. "ఎందుకమ్మా మీ మీదికి తెచ్చుకుంటారు? ఇంత వాన ఎప్పుడూ పడలేదు. ప్రకృతి చేసినదానికి మనుషులు ఏం చేస్తారు?"

"గోడను ప్రకృతి కట్టిందా సార్?"

ఆయన వినిపించుకోనట్టు చాయ్ కప్పు అందుకున్నాడు. అసాధారణ వర్షపాతం వల్ల దురదృష్టకర ప్రమాదం జరిగిందని, నగర్‌పాలిక సిబ్బంది సాహసంగా పనిచేశారని ఆయన తేల్చాడు. తప్పు ఎవరిదీ కాదు. మిల్లుదీ కాదు, కౌన్సిల్‌దీ కాదు, ఊర్మిళదీ కాదు.

ఆమె రాజీనామా ఇచ్చింది. హర్షద్‌భాయి దాన్ని డ్రాయరులో పెట్టాడు. "నువ్వు పోతే ఆ కుర్చీలో జిగ్నేష్ కూర్చుంటాడు. అతను ఏది పెట్టమంటే దాని మీద సంతకం పెడతాడు. నువ్వుంటే కనీసం కొన్నయినా ఆగుతాయి," అన్నాడు.

"నేనుండి ఏం ఆగింది సార్?"

ఆయన డ్రాయరుకు తాళం వేశాడు. ఇంటికి వెళితే శ్యాంసుందర్ కూడా రాజీనామా మాట వదిలేయమనే అన్నాడు. ఊర్మిళ పక్కగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మర్నాడు పొద్దున బజారులో మురుగు పొంగి అంగళ్లలోకి వచ్చిందని ఫోను వచ్చింది. ఆమె చెప్పులు వేసుకుని వెళ్లింది. వెళ్లకపోతే ఇంకెవరూ వెళ్లరని తెలుసు. అలా వెళుతూనే ఉంది. రాజీనామా సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

షెడ్లు ఖాళీ అయ్యాయి. కొందరు ఉన్‌లో గదులు చూసుకున్నారు, కొందరు సిరిసిల్ల తిరిగి వెళ్లిపోయారు. గోపాల్ సూరత్‌కు ఉత్తరాన కిమ్ అనే ఊళ్లో కొత్త సాంచాల కార్ఖానాలో పని కుదుర్చుకుని సోమలింగాన్ని కూడా తన వెంట తీసుకువెళ్లాడు. ఆవాస్ ఫ్లాట్ల పునాదుల్లో దీపావళి నాటికి గడ్డి మొలిచింది. డిసెంబరులో మిల్లు గోడ కేసు విచారణకు వచ్చింది. ఈసారి వకీలు వెళ్లేలా ఊర్మిళ దగ్గరుండి చూసుకుంది, తానూ కోర్టులో కూర్చుంది. మిల్లు తరఫు వకీలు ఎక్కువ మాట్లాడలేదు. ఎదుటి ఒడ్డున అడ్డంకులన్నీ నగర్‌పాలికే తొలగించిందని, ఇప్పుడక్కడ ప్రజలకు పనికొచ్చే రోడ్డు ఉందని, కాబట్టి గోడ కూల్చవలసిన అవసరం ఇక లేదని అన్నాడు. ఆ ఇళ్లు అప్పటికే లేకపోతే వాళ్లకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదని నమ్మి కదా ఆమె జంపఖానా మీద కూర్చున్నవాళ్లకు ప్లాను విప్పి చూపింది. గోడ కూల్చకూడదని తీర్పు వచ్చింది.

సంక్రాంతి దాటాక ఒక సెలవు రోజు ఆమె రైలెక్కి కిమ్ వెళ్లింది. కార్ఖానా వెనక వరుసగా గదులు. ఒక గది ముందు సోమలింగం కూర్చుని చద్ది తింటున్నాడు. బాగా చిక్కిపోయాడు. ఆమెను చూసి ఆశ్చర్యపోలేదు, లేవలేదు. పక్కనున్న బొంత మీద చోటు చూపించాడు.

"కూసో."

ఊర్మిళ కూర్చుంది. ఆయన తినడం ముగించి చెయ్యి కడుక్కున్నాడు.

"కేసు పోయింది కాకా."

"గోపాల్ చెప్పిండు."

"నా ఇంటికి రా కాకా. నా దగ్గర ఉండు. నిన్ను నేను చూసుకుంట."

సోమలింగం తల అడ్డంగా ఊపాడు. "వద్దు బిడ్డా. నీ ఇంట్ల కూసుంటే ఎప్పటికి గదే యాదికొస్తది. గిక్కడైతే సాంచాల మోతల ఏం వినబడది."

"నన్ను తిట్టు కాకా. ఒక్కసారి తిట్టు."

ఆయన ఆమె వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటుందని ఎదురుచూసిన చోట ఏమీ లేకపోవడం ఆమెను మరింత కుంగదీసింది.

"ఎట్ల తిడుదు? నువ్వు మంచిదానివే. గదే మా కొంప ముంచింది బిడ్డా," అన్నాడు సోమలింగం, పక్కవాళ్లకు వినపడకుండా. "లంగలు, దొంగలు వచ్చి చెప్తే మేం కదులుతుంటిమా? నువ్వు చెప్పినవ్ కాబట్టి కదిలినం. గీ ముచ్చట నీకు చెప్పొద్దనే అనుకున్న. నువ్వే అడిగినవ్."

ఊర్మిళకు ఏడుపు రాలేదు. అవునన్నట్టు తలూపింది. షిఫ్టు మారే సైరను మోగింది. సోమలింగం తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గది తలుపు దగ్గరికి వేసి, "పొద్దు గూకక ముందే పో, బండ్లల్ల మస్తు రష్ ఉంటది," అన్నాడు. కార్ఖానా గేటులోకి వెళ్లే గుంపులో కలిసిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఒక్కొక్కటిగా సాంచాలు మొదలయ్యాయి. కాసేపటికి ఆ సందంతా ఒకటే మోత. ఊర్మిళ ఆ గది గడప మీదే కూర్చుని ఉండగా ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఖాడి పక్కన కొత్త రోడ్డు ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారట, వీధి దీపాలు ఆ లోపల వెలగాలట. ఆ మోతలో సగం మాటలు వినపడలేదు. అయినా ఆమె, "సరే, మనుషుల్ని పంపుతాను," అని చెప్పి, స్టేషన్ వైపు నడిచింది.